బయటికి కొట్టిన బంతికి చప్పట్లు

మా అమ్మాయి స్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరిన ఏడాది, ఒక శనివారం సాయంత్రం నన్ను తోడు తీసుకుని బిషాన్‌లో మా ఫ్లాటుకి దగ్గరగా ఉన్న చిన్న స్టేడియానికి బయల్దేరింది. నేను క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని ఇంట్లో పెరిగినదాన్ని. మా నాన్న ఒంగోలులో ఆదివారం మ్యాచ్‌లకి అంపైరింగ్ చేసేవాడు. ఫుట్‌బాల్లో ఎవరు ఎటు పరిగెడుతున్నారో తెలియక అరగంట సేపు ఆవలిస్తూ కూర్చున్నాను.

అంతలో మేం కూర్చున్న వైపు గోలు ముందు పెద్ద గందరగోళం జరిగింది. అన్ని కాళ్ళ మధ్య నుంచీ ఒక పొడుగాటి తెల్లవాడు బంతిని లాగి ఒక్క తన్ను తన్నాడు. అది మా తలల మీదుగా పోయి వెనకాల చెట్లలో పడింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. సిక్సర్ అని అరిచాను కూడా. అక్కడున్న కొద్దిమందీ నా వైపు తిరిగారు. మా అమ్మాయికి తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, సిట్ డౌన్ లా. బాల్ అవుట్ అయితే ఎవరూ క్లాప్ చెయ్యరు. సో మలు.”

మలు అంటే మలయ్‌లో సిగ్గు. ఇక్కడ పుట్టిన పిల్లలకి సిగ్గేసినా మలయ్‌లోనే వేస్తుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. గోలు పడకుండా కాపాడినవాడికి కాకపోతే ఇంకెవరికి కొడతారని నిలదీశాను. గోలు వేసినవాళ్ళకని చెప్పి, అది రెండు కుర్చీలు అవతలికి జరిగి కూర్చుంది.

మర్నాడు లిఫ్టులో అదే మనిషి. తల కొద్దిగా వంచుకుని, ఒక చేతిలో బీట్‌రూట్ దుంపల సంచీతో నిలబడి ఉన్నాడు. మా బ్లాకులోనే తొమ్మిదో అంతస్తులో గది అద్దెకి తీసుకున్నాడట. నన్ను రెండుసార్లు చూసి, నిన్న చప్పట్లు కొట్టింది మీరేనా ఆంటీ అని అడిగాడు. నాకంటే మహా అయితే పదేళ్ళు చిన్న. ఈ ఊళ్ళో దిగగానే ఆడవాళ్ళని ఆంటీ అనాలని ఎవరో నేర్పినట్టున్నారు. అవునన్నాను. ఇన్నేళ్ళుగా, ఇన్ని దేశాల్లో ఆడుతున్నాడు కానీ, బంతి బయటికి కొడితే ఎవరూ చప్పట్లు కొట్టలేదని చెప్పాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. అలా ఏమీ లేదు.

అక్కణ్ణుంచి కింద బెంచీ దగ్గర ఎప్పుడు కనిపించినా మాటలు కలిసేవి. లిథువేనియాలో ఒక చిన్న ఊరు అతనిది. ఆ దేశంలో బాస్కెట్‌బాల్ అంటే పడి చస్తారట. అంత పొడుగు పెట్టుకుని ఫుట్‌బాల్ ఏమిటని చుట్టాలందరూ తిట్టేవారట. మంచు తవ్వి పక్కకి పోసి, ఆ గడ్డి మీదే ఆట నేర్చుకున్నాడు. పక్క దేశంలో ఒక సీజను, సముద్రం అవతల రెండు, ఎడారిలో ఒకటి, ఆ తరవాత ఇక్కడ. ప్రతిచోటా ఒక్కో ఏడాది కాంట్రాక్టే. ఏడాది తిరిగేసరికి పెట్టె సర్దుకోవడమో, సంతకం పెట్టడమో.

వింటూ ఉంటే అతని మీద గౌరవం పెరిగిపోయింది. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టడం నా ఉద్యోగం. అంతా సవ్యంగా నడిచిన రోజు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. గోలు పడకుండా కాచే డిఫెండర్ బతుకు నాకు వేరే విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఒకసారి గులాబీ రంగు సూపు గిన్నెలో పోసి తెచ్చాడు. పుల్లటి మజ్జిగలో బీట్‌రూట్, కీర దోసకాయ వేసి చల్లగా తాగుతారట. బాగుంది, తాలింపు పడితే ఇంకా బాగుంటుందన్నాను. ఆ రోజే సిక్సర్ అంటే ఏమిటో చెప్పి, అంపైరు రెండు చేతులూ ఎలా పైకెత్తుతాడో మా నాన్నలా నిలబడి చూపించాను. అతనూ ఎత్తాడు. మా బ్లాకు పిల్లలు అతని వెనక నిలబడి ఎత్తారు.

ఆ ఏడాది సగంలో వాళ్ళ జట్టుకి కొత్త కోచ్ వచ్చాడు. గోలు ముందు కూడా చిన్న చిన్న పాసులతోనే ఆడాలనీ, బంతిని గుడ్డిగా బయటికి బాదేవాడికి వచ్చే ఏడాది తన జట్టులో చోటుండదనీ అందరి ముందూ చెప్పాడట. విదేశీ ఆటగాళ్ళకి ఉండేవే కొద్ది స్థానాలు, అవీ గోల్స్ వేసేవాళ్ళకే ఇవ్వాలని చూస్తారు. మా వాడికేమో ఈసారి కాంట్రాక్టు ఎలాగైనా కావాలి. అది దొరికితే భార్యనీ, నాలుగేళ్ళ కూతుర్నీ తెచ్చుకుంటాడు. మా బ్లాకులోనే రెండు గదుల ఫ్లాటు చూసి పెట్టుకున్నాడు. పాపకి ఏ కిండర్‌గార్టెన్ మంచిదని నన్ను అడిగాడు. వీడియో కాల్లో ఆ పిల్ల ఫోనుకి ముద్దులు పెడుతుంటే ఒకసారి చూశాను.

సెమీఫైనల్ రోజు వాన దంచి కొట్టింది. పిడుగుల సైరన్ మోగి ఆట ఆగింది. మళ్ళీ మొదలయ్యేసరికి మైదానం నిండా నీటి మడుగులు. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. అతను కోచ్ చెప్పినట్టే బుద్ధిగా చిన్న పాసులు ఇస్తూ వచ్చాడు. బంతి నీళ్ళలో ఆగినప్పుడల్లా నేను కుర్చీలోంచి సగం లేచేదాన్ని.

ఆఖరి నిమిషంలో బంతి సరిగ్గా మన గోలు ముందు మడుగులో ఆగిపోయింది. అవతలివాడు దాని మీదికి దూసుకొస్తున్నాడు. పాసివ్వు పాసివ్వు అని కోచ్ గీత దగ్గర నిలబడి అరుస్తున్నాడు. అతను ఒక్కసారి కోచ్ వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను. తరవాత నీళ్ళతో సహా బంతిని తన్నాడు. అది కుర్చీలూ చెట్లూ దాటి ఎక్కడ పడిందో కూడా కనపడలేదు.

అతను మా వైపు తిరిగి, తడిసిన రెండు చేతులూ తల మీదికి ఎత్తి నిలబడ్డాడు.

నాకంటే ముందు మా అమ్మాయి లేచింది. లేచి, చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది. మా వరస లేచింది. చివరి విజిల్ ఆ చప్పుడులో కలిసిపోయింది. కోచ్ కూడా కుర్రాళ్ళని కావలించుకున్నాడు. అతనికి మాత్రం చేయి కలిపి వదిలేశాడు.

ఫైనల్ కూడా అయ్యాక, ఒక రోజు లిఫ్టులో చెప్పాడు. వచ్చే ఏడాదికి తన స్థానం గోల్స్ వేసే ఒక ఫార్వర్డ్‌కి ఇచ్చారట. కోచ్‌ని తిడదామని నేను నోరు తెరిస్తే వద్దన్నాడు. ఆయన ముందే చెప్పాడు కదా అన్నాడు.

“అంతా తెలిసి ఎందుకు కొట్టావయ్యా?” అని అడిగాను.

“డిఫెండర్‌ని ఆంటీ. ముందు గోలు పడకూడదు. నా సంగతి తరవాత.”

లిఫ్టు మా అంతస్తులో ఆగింది. దిగకుండా అతనితో తొమ్మిదో అంతస్తు దాకా వెళ్ళాను. పాపకి నా ముద్దులివ్వమన్నాను. నాకు ఏడుపొచ్చింది.

కొన్ని నెలలకి ఒక వీడియో పంపాడు. వాళ్ళ ఊరికి దగ్గరగా ఏదో చిన్న క్లబ్బులో ఆడుతున్నాడట. మైదానం పక్కన మంచు కుప్పలు. చూసేవాళ్ళు పలచగా ఉన్నారు. అతను గోలు ముందు నుంచి బంతిని కంచె అవతలికి తన్నాడు. ఎవరూ కదల్లేదు. ఫోను పక్కనే, ఉన్ని గ్లవుజుల చేతులు మెత్తగా చప్పట్లు కొట్టాయి. సిక్స్ అని ఒక పిల్ల గొంతు అరిచింది. దూరంగా ఉన్న వాళ్ళ నాన్న ఇటు తిరిగి, రెండు చేతులూ పైకెత్తాడు.