చింతపండు పెట్టి రుద్దిన ప్రూఫ్ రూపాయి

నా చిన్నప్పుడు జగిత్యాలలో మా అమ్మమ్మ ఇంట దీపావళి లక్ష్మీపూజలో కూర్చునే రూపాయికి దీపపు కుందులతో పాటు తోముడు తప్పేది కాదు. నయాపైసలు వచ్చి కొన్నేళ్లే అయిన రోజులు. ఒక ఏడు ఆ పండక్కి, బొంబాయిలో గుమాస్తాగా ఉన్న మా మేనమామ రెండు నాణేల సెట్లు తెచ్చాడు. మఖమల్ డబ్బాలో ఉన్నది ప్రూఫ్ సెట్టు. కాగితం పొట్లంలో ఉన్నది చలామణిలోకి పోని సెట్టు.

తేడా ఏమిటో నాకూ మా అన్నకూ మామే చెప్పాడు. పొట్లంలోవి బజారు నాణేలే. రాశులుగా అచ్చయి, సంచిలో ఒకదాని మీద ఒకటి పడి, ఎవరి చేతా ఖర్చు కాకముందే పక్కకు తీసినవి. ప్రూఫ్ నాణెం తయారీయే వేరు. అచ్చునూ బిళ్లనూ అద్దంలా మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు గట్టిగా కొట్టి, మరకపడకుండా ఎత్తి పెడతారట.

"పూజయినంక రెండు సెట్ల రూపాయలు ముంగట పెడ్త. ప్రూఫ్ ఏదో, ఎందుకో చెప్పినోళ్లకు డబ్బా మొత్తం" అన్నాడు మామ.

ఇక నాకు కాలు నిలిస్తేనా!

"ఆడపిల్లవు, నీకెందుకే గివి? పోయి గవ్వలాడుకో" అన్నాడు అన్న.

"ఓడిపోతనని ముంగటనే ఏడుస్తున్నవా?" అన్నాను.

పూజయ్యాక మామ, పూజలో పెట్టిన ఆ రెండు రూపాయల పసుపు కుంకుమలు కడిగి, వాటిని తెల్ల పంచె మీద పెట్టాడు. ఒకటి ధగధగలాడుతోంది. ఇంకొకటి మసకబారిన గిన్నెలా ఉంది. అన్న మెరిసేదాన్ని లటుక్కున అందుకున్నాడు. "గిదే! సూడు, ఎట్ల మెరుస్తుందో!"

అమ్మమ్మ గడపలో నిలబడిపోయింది. "అయ్యో కొడుకా, పూజకని చేతికందినదాన్ని చింతపండు, బూడిద పెట్టి రుద్దిన. ఖరాబయిందా?"

మామ ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. నేను రెండింటినీ వాకిట్లోకి పట్టుకుపోయి దీపాల వెలుతురులో తిప్పి చూశాను. మెరిసేదాని మీద, సింహం చెంపకు చిన్న చిన్న గాట్లు. మసకదాని అంచు కత్తిలా ఉంది, సింహాల జూలు వెంట్రుక వెంట్రుకా లేచి నిలబడింది. అక్షరాల సందుల్లో, అమ్మమ్మ వేలు దూరని చోట, అద్దం ఇంకా మిగిలే ఉంది.

"గీ మసకదే ప్రూఫ్! మెరిసేదానికి సంచి గాట్లున్నయి" అని అరిచాను.

"ప్రూఫైతే ఎందుకు మెరుస్తలేదే?" అన్న వాదించాడు.

"రుద్దితె మెరుపు పోతది గాని, కొట్టిన అచ్చు యాడికి పోతది?"

మామ పెద్దగా నవ్వాడు. "గెలిచింది పోరి! అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. మెరుపు పోయింది నిజమే, అయినా అది ప్రూఫే." అమ్మమ్మ కళ్లొత్తుకుని నా నెత్తి నిమిరింది. డబ్బా నా ఒళ్లోకి వచ్చింది.

"ఖరాబైందే గదా దొరికింది" అని గొణిగాడు అన్న. అయితే మూతి ఎందుకు ముడుచుకున్నట్టో!

ఇవాళ్టికీ ఎవరైనా తళతళలాడేదొకటి నా ముందు పెట్టి మెచ్చుకోమంటే, ముందు అది ఎట్లా తయారైందని అడుగుతాను. ఇంకా వాడకం తగలనిదాన్నీ, తయారీలోనే గట్టిదాన్నీ ఒకే గాటన కట్టమంటే నావల్ల కాదు. ఈ అడగడం వల్లే కాలేజీలోనూ అత్తగారింట్లోనూ నాకు గయ్యాళి అని పేరొచ్చింది. రానివ్వండి. అడగడం మాత్రం మానలేదు.