స్తుతి లేని మొదటి వాక్యం

లీదియా తండ్రి సత్యానందం హనుమంతునిపాడు పక్క పల్లెలో మిషన్ వారి ఉపదేశి. ప్రార్థనకు నిలబడితే ఎండను, వానను, దొరసానిని, బావి తవ్వించినవారిని తలచుకున్నాకే అసలు మనవికి వచ్చేవాడు. ఆ మాటల మధ్య పెరిగిన లీదియా, మార్కాపురంలో పంతులమ్మ పరీక్ష రాసినప్పుడు తెలుగు వ్యాసాన్నీ అలాగే మొదలుపెట్టింది. కవిని, ఆయన గురువును పొగిడి పద్యం దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది. పరీక్ష తప్పింది.

ఈసారీ తప్పితే మిషన్ వారు చదివించరు. తల్లి మణెమ్మ వెంట కూలికి పోవలసిందే.

పాఠం చెప్పే సుబ్బరత్నమ్మ ఆమె రాసి చూపిన వ్యాసంలో మొదటి పేజీ అంతా కొట్టేసింది.

"ప్రశ్న ఏందమ్మాయ్?"

"పద్యంలో రాణి ఇల్లు విడిచి పోవడం న్యాయమా అని, అమ్మగారూ."

"న్యాయమా, కాదా? అది మొదట చెప్పు. ఎందుకో తర్వాత చెప్పు. నీ స్తోత్రాలు ఆదివారానికి దాచుకో."

లీదియాకు నవ్వు రాలేదు. పొగడకుండా మొదలుపెట్టడమంటే చెప్పులతో ప్రార్థనకు పోవడమే. నాలుగు ముక్కలు రాసేది, చింపేది, లేచి వరండాలో తిరిగేది.

పరీక్షలో అదే రాణి బిడ్డను తీసుకొని అడవికి పోవడం ధైర్యమా, మొండితనమా అని అడిగారు. చేయి దానంతటదే "మహాకవియైన" అని రాసింది. కొట్టేసింది. చుట్టూ కలాలు గీకుతున్నాయి. చివరికి రాసింది: "రాణిది మొండితనమే. అది లేకపోతే ఆమె బిడ్డ బతికేవాడు కాదు." ఆ తర్వాత కలం ఆగలేదు.

బయట తండ్రి అడిగాడు: "స్తుతితోనే మొదలుపెట్టినావా పాపా?"

"లేదు నాయనా. చివర పెట్టినాను."

"ముందు అడిగి, తర్వాత స్తుతిస్తారా ఎవరన్నా?"

"నువ్వు అడిగేలోపల మేం నిద్రపోయినాం ఎన్నోసార్లు," అంది మణెమ్మ. "బండెక్కండి."

మద్రాసు నుంచి ఫలితాలు వచ్చేదాకా లీదియా ఒకచోట కూర్చోలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. తండ్రి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ప్యాసయింది. పుల్లలచెరువు వైపు బడి ఇచ్చారు. బడి తెరిచే రోజున ప్రార్థనకు సత్యానందమే వచ్చాడు. పిల్లలు ఎండలో నిలబడ్డారు. ఆయన కళ్లు మూసుకొని, "ప్రభువా, ఈ బడికి నీళ్లు కావాలి" అన్నాడు.

ఆ తర్వాత స్తుతులు మొదలయ్యాయి. లీదియా పిల్లలకు కూర్చోమని సైగ చేసింది.