పెద్దమ్మ దాచిపెట్టిన సినిమాలు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల కన్నుమూసింది. ఆమె భర్త పెద్దబాపు ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దున చాయ్ తాగి జర పండుకున్నది, మల్ల లేవలే" అన్నాడు. నేనప్పుడు ముంబైలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ఆమె నాకు రక్తసంబంధం కాదు. సూరత్‌లో, అమ్రోలి పేటలో, మా అమ్మానాన్నలిద్దరూ మరమగ్గాల పనికి పోతే నాకు అన్నం పెట్టి, జడలు వేసి బడికి పంపిన మనిషి. ఇవాళ నేను తింటున్న ఉద్యోగపు అన్నం కూడా ఒకరకంగా ఆమె పెట్టిందే. అదెలాగో చెబుతాను.

పెద్దమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపురాళ్లు అతికించేది. నలుగురైదుగురు వ్యాపారుల చీరలు ఒకేసారి వచ్చి పడేవి. చిన్నప్పుడోసారి సాయం చేద్దామని ఎర్ర చీరలన్నీ ఒకచోట, పచ్చ చీరలన్నీ ఒకచోట పేర్చాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆమె నెత్తి కొట్టుకుంది. "రంగుతోని ఏం పని బిడ్డా? ఏది ఎవరికి పోవాలె, గది సూడాలె" అని కుప్పంతా మళ్లీ విడదీసింది. ఆ మాట నా బుర్రకెక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నేను టీవీలకూ ఫోన్లకూ ఆన్‌లైన్లో సినిమాలు అందించే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. తర్వాత చూద్దామని జనం దాచుకునే జాబితా ఉంటుంది కదా, దాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని మా బృందానిది. అందరి జాబితాలూ అటకల్లా నిండిపోయాయని, మూడు నెలలు ముట్టనిది దానంతటదే పోవాలని నేనే సూచించాను. ఆ తెలివి పూర్తిగా నాదే. నిరుడు ఇంటికి వెళ్లినప్పుడు పెద్దమ్మ టీవీలో దాన్ని ప్రయోగించి చూశాను. నలభై సినిమాల్లో ఆరు మిగిలాయి. వాటిని నవ్వులు, భక్తి అంటూ వరుసలు కట్టాను. "శుభ్రంగా ఉంది కదా పెద్దమ్మా?" అంటే, "మంచిగుంది" అని చాయ్ ఇచ్చింది.

ఊరికి దూరంగా పల్సానాలో అద్దకం మిల్లులో పనిచేసే పెద్దబాపుకు వారానికొక్క రోజే ఇల్లు. ఆ ఆదివారం వచ్చి, భోంచేసి, "గా పడవ సినిమా పెట్టు, ఫోన్ల చెప్తివి గద" అన్నాడు. అది లేదు. పెద్దమ్మ ఒకసారి నా ముఖం చూసి, "రిమోట్ నా చేతిలనే ఉండె. నేనే ఏందో ఒత్తిన" అంది. నా తప్పు తన మీద వేసుకుంది.

ఆయన కునుకు తీస్తుంటే పెద్దమ్మను అడిగాను, "అన్ని నెలలు చూడకుండా ఎందుకు పెట్టుకున్నావు?" అని.

"నేనొక్కదాన్నే చూసేటందుకా అవి? పడవది మీ పెద్దబాపుతోని చూడాలె. పెండ్లి సినిమా కోడలు వచ్చినప్పుడు. నీకోసం గూడ ఒకటి పెట్టిన. మనుషులు దొరకక చూడలే గని, వద్దనుకోని గాదు. చుట్టం రాలేదని పీట పారేస్తరా?"

ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని జాబితాను మళ్లీ కట్టాం. ఆమెకు చదువు రాదు, సినిమాల పేర్లు తెలియవు. "ముసలాయన పిల్లిని సంకల పెట్టుకొని తిరుగుతడు గద, అది" అంటుంటే నేను వెతికాను. మూడు ఎంత వెతికినా దొరకలేదు. ఏది ఎవరి కోసమో మాత్రం ఆమె ఒక్కటీ మర్చిపోలేదు.

సోమవారం ఆఫీసులో నా సూచనను నేనే వెనక్కి తీసుకున్నాను. "చూడలేదంటే అక్కర్లేదనే కదా?" అన్నారు మా పై అధికారి. పీట సంగతి చెప్పాను. మొదట నవ్వారు, తర్వాత ఆలోచించారు. ఇప్పుడు సినిమా దాచుకోగానే "ఎవరితో?" అని టీవీయే అడుగుతుంది. నోటితో చెబితే చాలు, ఆ మనిషి పేరు మీద ఒక వరుస వస్తుంది. ఏదీ దానంతటది పోదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు చీరల కుప్ప గుర్తొచ్చింది.

పెద్దమ్మ టీవీలోకి అది రాగానే మూడు వరుసలు చెప్పింది: మా ఆయనతోని, కోడలితోని, పక్కింటి బిడ్డతోని. పెద్దబాపు మాత్రం రిమోట్ ముట్టేవాడు కాదు. "నువ్వే పెట్టు, నేను చూస్త" అని, ఆమె ఏది పెడితే అది చూసేవాడు.

పోయిన నెల పెద్దమ్మ దినాలకు వెళ్లాను. గోడవారగా ఆమె సగం రాళ్లు అతికించిన చీర అలాగే ఉంది. చుట్టాలంతా వెళ్లాక పెద్దబాపు నన్ను పిలిచి, "నీ కోసం దాచింది, చూసిపో బిడ్డా" అన్నాడు. నా వరుసలో ఒక్కటే ఉంది. ఇద్దరం చూశాం. మధ్యమధ్య ఆమె ఎక్కడ నవ్వి ఉండేదో మాకు తెలుస్తూనే ఉంది.

అయిపోయాక ఆయన రిమోట్ తీసుకున్నాడు. కొత్తగా వచ్చిన ఒక సినిమా దగ్గర ఆగి, దాచుకునే మీట నొక్కాడు. తెర మీద "ఎవరితో?" అని వచ్చింది. ఆయన రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని, "మా ఇంటామెతోని" అన్నాడు. కొత్త వరుస వచ్చింది, అందులో ఆ ఒక్క సినిమా. తర్వాత చాప మీద ఆమె కూర్చునే చోటు వదిలి, కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు.