ఎలీసమ్మ టైపు చేసిన పేర్లు

ఖరగ్‌పూర్‌లో ఎలీసమ్మను ఎరగనివాళ్లు ఉండొచ్చు గాని, ఆమె కోపాన్ని ఎరగనివాళ్లు మాత్రం లేరు. ఝపటాపూర్ బజారులో కూరలమ్మే బెంగాలీ దాదాలు ఆమె సంచి కనబడగానే తక్కెడ సరిచేసుకునేవారు. ఆవిడ కళ్లజోడు తీసి చెంగుతో తుడవడం మొదలుపెట్టిందంటే ఎదుటివాడు దారి చూసుకోవడం మంచిది.

తండ్రి ఆమోసు రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. తాతల నాడే విజయనగరం వైపు నుంచి రైలుపనికి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. ఎలీసమ్మ పుట్టింది ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లో, అక్షరాలు దిద్దింది ఆ కాలనీ బడిలోని తెలుగు సెక్షన్లో. మెట్రిక్ అయ్యాక టైపు నేర్చుకుంది. ఉద్యోగం ఎవడూ ఇవ్వలేదు. ఇవ్వకపోతే మానె అనుకుని పాత టైపు మిషను ఒకటి కొని, ఝపటాపూర్‌లో ఇంటి ముందుగదిలో టైపు స్కూలు పెట్టేసింది. పెళ్లి మాట ఎత్తడానికి వచ్చిన చుట్టాలను కూడా మిషను ముందు కూర్చోబెట్టి వేళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పి పంపిన మనిషి ఆవిడ.

పదిహేనేళ్లు నేర్పింది. కొత్తవాళ్లు వేళ్లు ఒక మీట పక్కకు పెట్టి కొడితే కాగితం నిండా అర్థంపర్థం లేని అక్షరాలు పడతాయి. మిగతావాళ్లు దాన్ని చెత్త అంటారు. ఎలీసమ్మ మాత్రం ఆ చెత్తను గడగడా చదివేసి, “వేలు జరిగింది, అంతే. మల్లీ కొట్టు” అనేది. ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఎదుటివాళ్లు చెబుతుంటే ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత టైపు చేయడం ఆమెకు గిట్టదు. నోట మాట రావాలి, వేళ్లు కదలాలి. ఒకే పని రెండుసార్లు చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

తొంభై మూడులో ఆమె కంప్యూటర్ కొంది. అమ్మినవాడు విల్‌ఫ్రెడ్, ట్రాఫిక్ కాలనీ కుర్రాడే. కలకత్తాలో కోర్సు చదివొచ్చి కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. ఆ ఏడే కాలనీ బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేస్తారన్న మాట పుట్టింది. తెలుగు పిల్లలే కరువైపోయారు, ఎవరి కోసం నడపాలి అన్నారట పైవాళ్లు. ఎలీసమ్మ జోడు తుడుచుకుంది. సెక్షన్ కావాలనే ఇళ్లెన్నో, పిల్లలెందరో పేరుపేరునా చూపిస్తానని బడివాళ్లకు మాటిచ్చింది. పైనుంచి ఒక అధికారి వచ్చి, ఆ జాబితా పట్టుకుని పిల్లలను స్వయంగా పిలిచి చూస్తాడని, తేలకపోతే సెక్షన్ మూతేనని జవాబు వచ్చింది.

నాలుగు నెలలు ఆదివారం ఆదివారం, చర్చికి పోయినవాళ్లు ప్రార్థన అయ్యాక, మిగతావాళ్లు పొద్దున్నే వచ్చి ఆమె ముందుగదిలో కూర్చునేవారు. తల్లి చెప్పేది, ఎలీసమ్మ ఆ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, క్వార్టరు నంబరు, తండ్రి పనిచేసే చోటు. ఇంటికో ఫైలు, ఫైలుకు ఆ ఇంటి పెద్దబిడ్డ పేరు. రెండు వందల పదకొండు మంది పిల్లలయ్యారు. కాగితం ముక్క లేదు. అంతా ఆ పెట్టెలోనే. చివర్లో ఒకేసారి ప్రింటు తీద్దామనుకుంది. ఇంకో ఫ్లాపీలో కాపీ తీసి పెట్టుకోమని విల్‌ఫ్రెడ్ చెబితే, ఒకే పని రెండుసార్లా అని కసురుకుంది. ఆ తప్పు ఆవిడదే, ఎవరి మీదా తొయ్యడానికి లేదు.

కొంప ముంచింది మాత్రం బైబిలు. చర్చి పెద్ద లూకా గారికి విదేశాల నుంచి పోస్టులో ఒక ఫ్లాపీ వచ్చింది, బైబిలు ప్రశ్నలు జవాబులు అని. ఆదివారం ఖాళీగా కూర్చునే జనానికి కాలక్షేపమని ఆయన దాన్ని తెచ్చి ఇచ్చాడు. ఊరూ పేరూ లేని సినిమా ఫ్లాపీ అయితే ఎలీసమ్మ గుమ్మం తొక్కనిచ్చేది కాదు. బైబిలు అనేసరికి కళ్లకద్దుకుని మరీ మిషన్లో పెట్టింది. వారం వారం ఆ ఆట ఆడని మనిషి లేడు. మోషే తండ్రి పేరు తెలియక లూకా గారే రెండుసార్లు ఓడిపోయాడు.

అధికారి శనివారం వస్తాడనగా మంగళవారం పొద్దున ఆమె కంప్యూటర్ ఆన్ చేసింది. ఫైళ్లు లేవు. ఉన్న చోట పిచ్చి అక్షరాలు. తెర నిండా ఇంగ్లీషులో నోటీసు: మీ ఫైళ్లకు తాళం వేశాం, ఫలానా దేశంలో ఫలానా పోస్టుపెట్టెకు బ్యాంకు డ్రాఫ్టు పంపితే తాళం తీసే ఫ్లాపీ పంపుతాం, మిషను ఆపితే అంతా పోతుంది. ఎలీసమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆ మాట ఆమె తర్వాత దాచుకోలేదు.

కబురందుకుని విల్‌ఫ్రెడ్, లూకా గారు పరుగున వచ్చారు. విల్‌ఫ్రెడ్ నోటీసు చదివి పెదవి విరిచాడు.

“అక్కా, ఈ బైబిలు ఫ్లాపీలో దొంగ ప్రోగ్రాము దాగుంది. యాభైసార్లు ఆన్ చేసేదాకా ఊరుకుని, ఇప్పుడు లెగిసింది. డబ్బు పంపాల, నేదంటే మొత్తం తుడిసేసి కొత్తగా మొదలెట్టాల.”

లూకా గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నాను తెచ్చిన పాపం అమ్మీ. సంఘంలో చందా ఎత్తి నానే పంపుతాను. ఎంతడుగుతున్నాడో సెప్పు.”

“ఎంతడిగితే ఏటి మావయ్యా?” ఎలీసమ్మ కళ్లు తుడుచుకున్న చెంగుతోనే జోడు తుడవడం మొదలుపెట్టింది. “నా పిల్లల పేర్లు నాను కొనుక్కోవాలా? ఆ దొంగోడికి దండం ఎట్టి మరీ? ఉత్తరం ఎల్లి ఫ్లాపీ వొచ్చేసరికి సెక్షనే ఉండదు. ఒక్క పైసా పంపేది నేదు.”

“మరి ఏటి సేస్తావు?”

“ముందు దీన్ని ఆపుతాను. ఆపొద్దని ఆడు సెప్పినాడు కదా, అందుకే ఆపుతాను.”

విల్‌ఫ్రెడ్ చెయ్యి అడ్డుపెట్టేలోగా స్విచ్చు నొక్కేసింది. తెర నల్లబడింది. నిజానికి ఆ మొండితనమే మంచి పనైంది. విల్‌ఫ్రెడ్ తన దుకాణం నుంచి అసలైన డాస్ ఫ్లాపీ తెచ్చాడు. దాని అంచున ఉండే గాటుకు బిళ్ల అంటించి ఉంది, కాబట్టి దాని మీద ఏ దొంగా ఏమీ రాయలేడు. ఆ ఫ్లాపీతో కంప్యూటర్ లేపితే నోటీసు రాలేదు. దొంగ ప్రోగ్రాముకు నిద్ర లేచే సందు దొరకలేదన్నమాట. మొదట ఆ పిచ్చి అక్షరాల ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కొత్త ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నారు. తర్వాత, ఆన్ చేయగానే ఆ ప్రోగ్రామును పిలిచే వరుస ఎక్కడుందో వెతికి కొట్టేశారు, దాగి ఉన్న దాన్ని తుడిచేశారు. మధ్యాహ్నానికి దొంగ ఇంట్లోంచి పోయాడు. దోచిన మూట మాత్రం తాళం పెట్టి వదిలిపోయాడు.

బుధవారమంతా విల్‌ఫ్రెడ్ తెరకు కళ్లప్పగించి కూర్చున్నాడు. ఎలీసమ్మ పక్కన నిలబడి ఫైళ్ల పేర్లు చూస్తూ చూస్తూ ఉలిక్కిపడింది.

“ఒరే, ఇది వేలు జరిగిన కాగితంరా!”

“ఏటక్కా?”

“ఒక అక్షరం బదులు ఇంకొకటి కొట్టినాడు. ఎప్పుడూ అదే బదులు అదే. నా స్కూల్లో రోజూ సూసే సెత్తే ఇది.”

విల్‌ఫ్రెడ్ తెలివైనవాడు, వెంటనే అందుకున్నాడు. ఒక్క పేరు తేలితే కొన్ని అక్షరాలు చిక్కుతాయి, వాటితో ఇంకో పేరు, అలా మొత్తం తాళం ఊడొస్తుంది. ఆ కాలపు కంప్యూటర్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే పడతాయి. చిన్నమ్మి అనే పిల్ల ఫైలు ఉందని ఎలీసమ్మ చెప్పింది. విల్‌ఫ్రెడ్ ఇంగ్లీషులో సి, హెచ్‌తో మొదలుపెట్టి చిన్నమ్మి అని రాసుకుని, ఎనిమిదో అక్షరం దగ్గర కోసి, జాబితా అంతా గాలించాడు. అందులో నాలుగూ అయిదూ ఒకటే అక్షరం, ఏడూ ఎనిమిదీ ఒకటే. అలాంటి పేరు ఒక్కటీ తగల్లేదు. సాయంత్రానికి చేతులెత్తేశాడు.

“నీ లెక్క తప్పక్కా. ఇది వేలు జరగడం కాదు.”

గురువారం పొద్దున ఎలీసమ్మ అతని కాగితం తీసి చూసింది. చూసి పకపకా నవ్వింది.

“ఒరే బాబూ, సి, హెచ్ ఏటిరా? నాను అలా కొట్టలేదు.”

“మరి?”

“సింహాసలమ్మ నా ఎదురుగా కూసుని పిల్ల పేరు ఏటని సెప్పింది? సిన్నమ్మి అంది. నాను సిన్నమ్మి అనే కొట్టినాను. నోట ఏటొస్తే అదే.”

ఎస్‌తో మొదలుపెడితే ఆ పేరుకు సరిగ్గా ఎనిమిది అక్షరాలు. మూడూ నాలుగూ ఒకటే, ఆరూ ఏడూ ఒకటే, రెండోదీ చివరిదీ ఒకటే. అలా ఉన్న పేరు జాబితాలో ఒకే ఒక్కటి కనబడింది: క్యూ, టి, బి, బి, ఎల్, ఎక్స్, ఎక్స్, టి. ఎలీసమ్మ దాని మీద వేలు పెట్టి గట్టిగా చదివింది. అయిదు అక్షరాలు ఒక్కసారిగా చిక్కాయి. వాటితో నూకరాజు బయటపడ్డాడు, నూకరాజుతో ఇంకో నాలుగు అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత సిట్టెమ్మ, సంద్రయ్య, అప్పలకొండ ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు వచ్చినట్టు వచ్చారు. కాలనీ యాసే తెలియని దొంగ వేసిన తాళం, ఆ యాస తెలిసినదాని చేతిలో ఊడిపోయింది. ఏ అక్షరానికి బదులు ఏ అక్షరమో ఎలీసమ్మ పట్టిక రాసిస్తే, దాన్ని తిరగేసే చిన్న ప్రోగ్రాము విల్‌ఫ్రెడ్ సగం పూటలో రాశాడు. ఫైళ్ల లోపలి రాతంతా తేటపడింది.

శుక్రవారం ప్రింటు తీయబోతూ అతను ఆగాడు. “అక్కా, పెద్ద తెలుగు పండితుడంట ఆ వొచ్చే అధికారి. సిన్నమ్మి, సిట్టెమ్మ ఏటి, నవ్వుతాడు. సి, హెచ్ పెట్టి సరిసేసేద్దాం.”

“సెయ్యి తియ్యి. ఆల అమ్మలు అలాగే సెప్పినారు. ఆడెవడు నవ్వడానికి?”

జాబితా అలాగే అచ్చయింది. దాని కంటే ముందు రెండు కాపీలు ఫ్లాపీల్లోకి ఎక్కాయి, రెంటికీ గాటు మీద బిళ్ల పడింది. ఒకటి తన బీరువాలో, ఒకటి లూకా గారి ఇంట్లో. ఇంకెవరి ఫ్లాపీ అయినా, దాంట్లో దేవదూతల పాటలున్నా సరే, తన కంప్యూటర్‌లో పెట్టేది లేదని గోడ మీద కాగితం అంటించింది. బైబిలు ఫ్లాపీని లూకా గారే కత్తెర అడిగి మరీ నాలుగు ముక్కలు చేశాడు.

శనివారం బడి ఆవరణలో పిల్లలంతా వరుసల్లో కూర్చున్నారు, వెనకాల తల్లులు. అధికారి గుంటూరు వైపు మనిషి, మల్లెపువ్వు లాంటి చొక్కా, అంతకంటే తెల్లటి తెలుగు. జాబితా రెండు పేజీలు తిప్పి ముఖం చిట్లించాడు.

“ఇన్ని తప్పులా? పేర్లు కూడా సరిగా రాయడం రాదా మీకు?” ఎర్రసిరా కలంతో మొదటి పేజీలో పేర్లు దిద్ది, పిలవడం మొదలుపెట్టాడు. “చంద్రయ్య!”

ఎవరూ లేవలేదు.

“చిట్టెమ్మ!”

ఎవరూ లేవలేదు. రెండు పేర్లకూ పక్కన ఇంటూ గుర్తు పడింది.

“చిన్నమ్మి! చిన్నమ్మి ఎవరు?”

ముందు వరుసలో ఒక పిల్ల ముక్కు తుడుచుకుంటూ ఆయన కేసే చూస్తూ కూర్చుంది. మూడో ఇంటూ పడింది. “ఊళ్లో లేని పిల్లల పేర్లన్నీ రాసుకొచ్చారన్నమాట,” అంటూ ఆయన జాబితా మడవబోయాడు.

ఎలీసమ్మ లేచి వరుసల మధ్యలోంచి ఆయన బల్ల దాకా నడిచింది. ఈసారి జోడు తుడుచుకోలేదు. దానికి కూడా ఓపిక లేదు.

“దిద్దకండి బాబూ. రాసినట్టు సదవండి.”

“ఏమిటమ్మా?”

“నాను ఏటి రాసినానో అదే సదవండి. మీ తెలుగు మీ ఇంట్లో సదువుకోండి. ఇది ఆల అమ్మలు పెట్టిన పేరు.”

అధికారి ముఖం కందగడ్డలా అయింది. అయినా ఎర్రసిరా కింద ఉన్న అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

“సం... ద్రయ్య.”

“ఉన్నాను సార్!” వెనక వరుసలో కుర్రాడు లేచాడు.

“సిట్టెమ్మ.”

“సార్!”

“సిన్నమ్మి.”

ముందు వరుసలో ముక్కు తుడుచుకుంటున్న పిల్ల లేచి నిలబడింది. ఆయన కళ్లజోడు మీదుగా దాన్ని చూశాడు.

“నా ఎదురుగానే కూర్చున్నావు కదమ్మా. ఇందాక పిలిస్తే ఎందుకు లేవలేదు?”

ఆ పిల్ల అయోమయంగా తల్లి కేసి ఒకసారి, ఆయన కేసి ఒకసారి చూసింది.

“నన్ను ఇప్పుడే కదా పిలిసినారు,” అంది.

ఆయన కలం తీసి మూడు ఇంటూలూ కొట్టేసి, నాలుగో పేరు రాసినట్టే చదివాడు.