టీవీలో మా ఆయన చేతులు

మా ఆయన వడ్రంగి. ఒకప్పుడు వారం వారం టీవీలో కనిపించేవారు. అయినా వీధిలో ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు, ఎందుకంటే కనిపించేది చేతులు మాత్రమే. ఇంటి మరమ్మతులు నేర్పే ఆ కార్యక్రమంలో నున్నగా తల దువ్వుకున్న పెద్దమనిషి ఒకాయన మాట్లాడేవాడు. ఆయనకు మేకు కొట్టడం కూడా రాదు. అందుకని మాట ఆయనది, చెయ్యి మా ఆయనది.

"ఏం వదినా, అన్నయ్య ముఖం టీవీకి పనికిరాలేదా?" అని పక్కింటావిడ ఆటపట్టించేది.

"ముఖం వచ్చి ఏం చేస్తుంది చెల్లెమ్మా? చిత్రిక పడుతుందా?" అనేవారు ఆయన లోపల్నుంచే.

అప్పట్లో అరగంటకు ఒకటే పని. పట్టేసిన సొరుగును ఊడదీసి, అంచు చెక్కి, మైనం రాసి, మళ్లీ లోపలికి తోసేదాకా చూపించేవాళ్లు. జిగురు ఆరేదాకా ఆగాల్సిందే అని చెప్పేవాళ్లు. అది చూసి మర్నాడు సొరుగులు ఊడదీసుకుని, తిరిగి పెట్టలేక మా గుమ్మంలోకి మోసుకొచ్చిన ఇరుగుపొరుగువాళ్లూ ఉన్నారు.

తర్వాత అదే టీవీలో రెండు జంటలు పోటీపడి గదులు అలంకరించుకోవడం వచ్చింది. ఆ తర్వాత గోడలు పగలగొట్టడం, తెర లాగడం, ఇంటివాళ్లు కళ్లు తుడుచుకోవడం. మధ్యలో పనంతా చీమలు పరిగెత్తినట్టు క్షణాల్లో అయిపోతుంది. ఇక చేతులతో అవసరం లేదని మా ఆయన్ని రావద్దన్నారు. ఇంట్లో కూర్చుని అవే చూస్తూ, "జిగురు ఆరకముందే ఏడుపు మొదలెట్టేశారు చూడవే" అని నవ్వేవారు. నవ్వుతూనే చివరిదాకా చూసేవారు.

పోయిన ఏడు ఆయన పోయారు. ఒక్కదానికి వండుకోవడం నాకింకా చేతకాలేదు. పెద్ద గిన్నే పొయ్యి మీద పెట్టేస్తాను.

ఇదే ఊళ్లో ఉన్న మా అమ్మాయి, మా అమ్మ వంటిల్లు మార్చండి అని ఆ టీవీవాళ్లకు రాసింది. వాళ్లు సరేనన్నారు. నేను సరేనన్నది మాత్రం వంటింటి కోసం కాదు. పాత కార్యక్రమం టేపులు వాళ్ల దగ్గర ఉంటాయని, ఆ చేతుల్ని ఇంకొక్కసారి చూడొచ్చని. వెతికి పెట్టమని ముందే అడిగాను.

వాళ్లు వస్తున్నారని వంటిల్లంతా కడిగి, గిన్నెలు తళతళలాడేలా తోమి పెట్టాను. యాంకరమ్మ లోపల అడుగుపెట్టి నీరుగారిపోయింది.

"ఆంటీ, ఇంత శుభ్రంగా ఉంటే ఇంక మేమేం మారుస్తాం?"

"పాత టేపులేమైనా దొరికాయా అమ్మా?"

"అవా... అప్పట్లో ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేసేసేవాళ్లట ఆంటీ. ఏమీ మిగల్లేదు."

వాళ్లు గిన్నెలు చెల్లాచెదురు చేశారు, గోడకు మసి పూశారు. ఊరుకున్నాను. ఇంతలో ఒకతను స్క్రూడ్రైవర్ తీసి, మా ఆయన చేసిన గోడ అలమరకు పై మడతబందు వదులు చేశాడు. తలుపు పక్కకు ఒరిగి వేలాడింది.

"అదేంటి బాబూ?"

"పాడైపోయినట్టు కనపడాలి కదమ్మా. ఎలాగూ పగలగొట్టేదేగా."

"పగలగొట్టుకో. ఒరిగిపోయిందని మాత్రం చూపించకు. అది ఏనాడూ ఒరగలేదు."

"అబ్బా, ఎవరికి తెలుస్తుందమ్మా!" వాళ్లతో పాటే వచ్చిన మా అమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది. "నీ కోసమే కదా ఇదంతా!"

"నాకు తెలుసు కదే. మీ నాన్న పని అని చెప్పుకోడానికి ఇదొక్కటే మిగిలింది. దాన్ని వంకరగా నలుగురికీ చూపిస్తే నేను తలెక్కడ పెట్టుకోను?"

యాంకరమ్మ ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. ఒరగకుండా చూపిస్తే, నిక్షేపంలాంటి తలుపును ఎందుకు పగలగొట్టారని చూసేవాళ్లు తిడతారట. లైట్లు, వైర్లు చుట్టుకుని వెళ్లిపోయారు. "నిన్ను బాగుచేయడం నా వల్ల కాదే తల్లీ" అని అమ్మాయి కూడా చెప్పులేసుకుంది.

గోడ మీది మసి కడిగాను. స్టూలెక్కి, తలుపును భుజంతో ఎత్తిపట్టి బందు బిగించాను. చూడ్డానికి నిటారుగానే ఉంది. వేసి చూస్తే కింది అంచు గీసుకుంటోంది. విప్పి మళ్లీ బిగించాను. మళ్లీ గీసుకుంది. తలుపు బందులు బిగించడం ఆయన టీవీలో చూపించారు. నేను ముందు వరసలో కూర్చుని చూసినదాన్నే. ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయానే గాని, అవేం చేస్తున్నాయో చూడలేదు.

ఇప్పుడు తీసినప్పుడల్లా గీసుకుంటుంది. వేరే వడ్రంగిని పిలవలేదు.