కల్లం మీద హెచ్ గుర్తు

మేము దిగేసరికి పగలు పదకొండున్నర. ఎండ నలభై మూడు డిగ్రీలు. ఆఫ్రికాలో నది ఒడ్డున ఒక పల్లె. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో మన సైన్యం తరఫున మా కంపెనీ వంతు ఏడాది. తలకు నీలం హెల్మెట్, ఒంటికి పది కిలోల జాకెట్. మొదటి ఆర్డర్: సాయంత్రం ఐదులోగా హెలిప్యాడ్‌కు చోటు చూడాలి.

హవల్దారుగా ఆ పని నాకు పడింది. పొదిలి దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నేల చూడటం నాకెవరూ నేర్పక్కర్లేదు. మిట్టగా, గట్టిగా, నీరు నిలవని చోటు అరగంటలో పట్టేశాను. మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది పొన్నూరు. చూసి నవ్వాడు.

"ఏరా, హెలిప్యాడ్ చూడమంటే కాయలు ఆరబోసే కల్లం చూశావేంట్రా!"

నేనూ నవ్వాను. మూడు రోజుల్లో రోలర్ తోలి, తెల్ల రంగుతో పెద్ద హెచ్ గీసి, చుట్టూ ముళ్ళకంచె వేశాం. మేజర్ గారు భుజం తట్టారు.

నాలుగో నెలలో జొన్న కోతలు వచ్చాయి. ఉదయం ఆరున్నరకు కంచె బయట ఆడవాళ్ళు, నెత్తిన కంకుల మోపులతో. అలా నిలబడ్డారు. మా దుబాసీ వెళ్ళి కనుక్కుని వచ్చాడు.

"ఇది వాళ్ళ కల్లమట. ఊరంతటికీ ఇదొక్కటే. మిగతాదంతా నల్లరేగడి, తడి ఆరదు. ఈలోగా వాన పడితే కంకి మీదే మొలకలొస్తాయంటున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. మంచి నేలని గుర్తుపట్టాను గానీ, అంత మంచి నేల ఖాళీగా ఎందుకుందని అడగలేదు. రైతు బిడ్డనై ఉండి!

ఒక ముసలావిడ దుబాసీ చేత అడిగించింది: "మీరెప్పుడు వెళ్తారు?"

ఏడాది నిండగానే వెళ్తామన్నాను. నది అవతల ఒక పెద్ద దేశపు సైనిక స్థావరం ఉంది. ఆవిడ అటు చెయ్యి చూపింది.

"వాళ్ళూ అలాగే అన్నారు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు."

నేరుగా మేజర్ గారి దగ్గరికి వెళ్ళాను. "తప్పు నాది సార్. చోటు మార్చాలి."

ఆయన క్షణం ఆలోచించారు. "వాళ్ళ తిండి గింజలు కుళ్ళిపోతే మనం ఇక్కడ కాపాడేది ఎవరిని? కంచె పీకెయ్యండి."

ఆపరేటర్ సెట్ అందుకుని హెడ్‌క్వార్టర్స్‌ని పిలిచాడు. "మూడు రోజులు హెలికాప్టర్లు పంపొద్దు. ఓవర్."

"కారణం? ఓవర్."

"జొన్నలు ఆరాలి. ఓవర్."

అవతలివాడు జొన్నలేనా అని మళ్ళీ అడిగాడు. తర్వాత, "సరే. ఓవర్."

అర కిలోమీటరు అవతల రాళ్ళ నేలలో గునపాలతో కొత్త ప్యాడ్ చేశాం. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కడూ గొణగలేదు. ఐదో రోజు వాన కురిసింది. అప్పటికి గింజలు ఇళ్ళకు చేరాయి. ఆ కంపెనీలో పనిచేశానని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వం.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు: "ఏమండీ, పెద్ద దేశాలు పరాయి గడ్డ మీద అన్నేసి స్థావరాలు పెట్టుకోవచ్చా?" పిలిస్తే వెళ్ళాలి, పనయ్యాక లేచి రావాలి అంటాను. మేము వేసింది ఒక్క కంచె. దానికిందే ఊరి తిండి ఉంది. వందల కంచెలు వేసినవాడికి ఏ కంచె కింద ఏముందో ఎలా తెలుస్తుంది?

అక్కడ మా ఏడాది నిండిన రోజు గుర్తుంది. మా హెలికాప్టర్ లేచింది. కింద పాత కల్లం, రెండో పంట జొన్నలు. గింజల మధ్య నేను గీసిన హెచ్ మాసిపోయి కనిపించింది. ఆ ముసలావిడ అచ్చం మా అమ్మలాగే పాదాలతో చాళ్ళు తీస్తూ గింజలు తిరగేస్తోంది. అంత చప్పుడుకీ తల ఎత్తి చూడలేదు.