‘నవ్వితే గంట’లో మా మామ్మ

మొన్న ఓ పెళ్లికి వెళుతూ అంబాజీపేటలో బస్సు దిగేసరికి, రోడ్డు పక్క షెడ్డులో ఎవరో కురిడీ కొబ్బరికాయలు కొడుతున్నారు. ఏడాది పొడుగునా అటక మీద ఆరి, లోపలి నీరంతా ఇంకిపోయి, ఊపితే గుండు గలగలలాడే కాయని కత్తితో ఒక్క దెబ్బ వేసి తెరిస్తే వచ్చే ఆ తియ్యటి నూనె వాసన నన్ను ఎండలో అలాగే నిలబెట్టేసింది. మిగతావాళ్లకి ఆ వాసన తగిలితే ఏ లడ్డూలో, ఏ కొబ్బరికారమో గుర్తొస్తాయేమో. నాకు మాత్రం ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, మా అరుగు మీద తోలు తొడుగు వేసుకుని కూర్చున్న రేడియో, దాని చుట్టూ చేరిన మా వీధి వీధంతా గుర్తొస్తుంది.

మా ఇంటి అటక నిండా కురిడీలు ఉండేవి. దాని కింద అరుగు, ఆ అరుగు మీద రేడియో. ప్రతి ఆదివారం సరిగ్గా రెండింటికి అందులో ‘నవ్వితే గంట’ వచ్చేది. నేను పుట్టకముందు నుంచీ వస్తోందని నాన్న చెప్పేవాడు. నలుగురు కూర్చునేవారు. ఒక ప్లీడరు గారు, ఒక డాక్టరు గారు, ఒక లెక్కల మాస్టారు, ఒక అక్కయ్య గారు. వాళ్ల అసలు పేర్లు మాకు ఎప్పుడూ తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. వాళ్లకో అధ్యక్షుల వారు ఉండేవారు, ఆయన చేతిలో పూజగంట. శ్రోతలు కార్డుల మీద రాసి పంపిన తిక్క ప్రశ్నలను ఆయన చదివితే, నలుగురూ వంతులవారీగా, ఎంతో గంభీరంగా, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు జవాబు చెప్పాలి. పక్కవాళ్లు చెప్పేది విని నవ్వినవాళ్లకి గంట కొట్టేస్తారు, వాళ్లు అవుటు. చివరిదాకా నవ్వకుండా ఉన్నవాళ్లు గెలిచినట్టు. ఇంతే ఆట. ఈ ఇంత ఆట కోసం మా వీధిలో ఆదివారం భోజనాలు ఒంటిగంటన్నరకే అయిపోయేవి. పెరట్లో గునపాల మీద కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు సైతం రెండు కాగానే పీచు దులుపుకుని అరుగు అంచున చేరేవారు.

వానాకాలంలో మెరుపు మెరిసినప్పుడల్లా రేడియో గరగరలాడి, సరిగ్గా నవ్వొచ్చే మాట దగ్గరే మింగేసేది. అప్పుడు ఆ మాట ఏమై ఉంటుందా అని మేం వారమంతా వాదించుకునేవాళ్లం. ఎండాకాలంలో తాటిముంజెలు వలుచుకుంటూ వినేవాళ్లం. దసరా రోజుల్లో అమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేస్తే, ఆ ఆవిరి, ఆ ఆకు వాసన, ప్లీడరు గారి గొంతు మూడూ కలిసి నాకు ఒకటే పండగ. వాన వెలిసిన సాయంత్రాలు నేనూ, నా ఈడు ఆడపిల్లలూ విరిగిన సైకిలు గంట ఒకటి పట్టుకుని పెరట్లో అదే ఆట ఆడేవాళ్లం. నేను ప్రతిసారీ అందరికంటే ముందు అవుటయ్యేదాన్ని.

మా ఇంట్లో ఆ ఆట ఆడకుండానే గెలవగలిగిన మనిషి ఒకరు ఉండేవారు. నాన్నని కన్నతల్లి, మా మామ్మ, మంగాయమ్మ గారు. ఆవిడ నవ్వగా నేను చూడలేదు. నాన్న కూడా చూడలేదట. అరిచేది కాదు, తిట్టేది కాదు, కానీ ఆవిడ వస్తుంటే వీధిలో ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. పెళ్లిళ్లలో వియ్యపురాళ్లను ఆట పట్టించేటప్పుడు ఆవిణ్ణి మెల్లిగా వేరే గదిలో కూర్చోబెట్టేవారు. ‘మంగాయమ్మ గారి మొహం చూస్తే పాలు విరుగుతాయి’ అని వెనకాల అనుకునేవారు. నాకూ భయమే.

ఆదివారం మధ్యాహ్నం మేమంతా అరుగు మీద ఉంటే, మామ్మ మా వైపు వీపు పెట్టి, కిటికీ పక్కన నేల మీద కూర్చుని, చీపుళ్లకి కొబ్బరాకు ఈనెలు తీసుకుంటూ ఉండేది. ఆవిడకి రేడియో గోల పట్టదని అందరూ అనుకునేవారు. ఒక ఆదివారం అరుగు మీద చోటు లేక నేను గుమ్మంలోకి జరిగి కూర్చున్నాను. అక్కణ్ణుంచి మామ్మ పక్కనుంచి కనపడుతోంది. డాక్టరు గారు ఏదో అన్నారు, అరుగంతా గొల్లుమంది. మామ్మ మొహం కదల్లేదు. కానీ చేతిలో కత్తి ఆగింది. చాచుకున్న కుడికాలి బొటనవేలు మెల్లగా ముడుచుకుని, ఒక్క క్షణం అలాగే బిగుసుకుని, మళ్లీ విప్పుకుంది. అక్కయ్య గారు అందుకున్నారు. మళ్లీ వేలు ముడుచుకుంది. ఆ రోజు నుంచి నేను రేడియో సగం వినడం, మామ్మ బొటనవేలు సగం చూడడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మామ్మ కూడా నాలాగే ఆ నలుగురికీ వీరాభిమాని అని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

అప్పటికి నాకు పదేళ్లు. వారానికో కార్డు రాసేదాన్ని. నాన్న కొట్టు నుంచి కార్డులు తెచ్చి, ‘చదువు మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టు తల్లీ’ అని ఇచ్చేవాడు. ఒక వర్షాకాలం మొత్తం రాశాక, ఒక ఆదివారం అధ్యక్షుల వారు మా ఊరి పేరు చదివారు, నా పేరు చదివారు. ‘కొబ్బరికాయకి మూడు కళ్లు కదా, పడుకునేటప్పుడు ఏ కన్ను మూసుకుంటుంది?’ అన్నది నా ప్రశ్న. డాక్టరు గారు తడుముకోకుండా, ‘రెండు మూసుకుంటుందండి. మూడోది తెరిచే ఉంచుతుంది, కింద దింపువాడు వస్తున్నాడేమో చూసుకోవాలి కదా’ అన్నారు. లెక్కల మాస్టారికి గంట పడింది. మా అరుగు మీద కాయలు దింపే వెంకన్న లేచి నిలబడి, ‘నా గురించేనండీ! రేడియోలో నా గురించి చెప్పేరండీ!’ అని వీధిలోకి పరిగెత్తాడు. నేను మాత్రం మామ్మ కాలివేళ్ల వైపు చూశాను. రెండు వేళ్లు ముడుచుకున్నాయి.

ఆ తరవాత కొన్నాళ్లకి, ‘నవ్వితే గంట’ వాళ్లు అమలాపురం వచ్చి, జనం ముందు ఆడి రికార్డు చేస్తారని రేడియోలో చెప్పారు. ఆ ప్రాంతపు శ్రోతల్లోంచి ఒకరిని ఎంపిక చేసి, ఐదో మనిషిగా వేదిక మీద కూర్చోబెడతారట. నేను ఆ సాయంత్రమే కార్డు తీసుకున్నాను. ‘మా మామ్మ మంగాయమ్మ గారు నవ్వరు. మీరు నలుగురూ కలిసి వచ్చినా నవ్వించలేరు’ అని రాసి, ఎవరికీ చూపించకుండా డబ్బాలో వేసేశాను.

జవాబు వచ్చిన రోజున పోస్టుమాన్ గారు అరుగు మీద నిలబడి, వీధికంతటికీ వినపడేలా చదివారు. మంగాయమ్మ గారిని ఐదో మనిషిగా ఆహ్వానిస్తున్నారు, మనవరాలిని వెంటబెట్టుకు రమ్మన్నారు. అమ్మ మొహం తెల్లబోయింది. నాన్న ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాడు. మామ్మ ఈనెల కట్ట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

‘‘ఇది రాసింది నువ్వేనా?’’

‘‘ఆయ్, నేనే రాసేను మామ్మా.’’

‘‘నేను నవ్వనని ఊరూవాడా చాటేవన్నమాట.’’

నాకు ఏడుపొచ్చేసింది. అవమానించాలని రాయలేదని, ఆవిడ గెలుస్తుందనే రాశానని చెప్పాలనుకున్నాను. ఈలోగా మామ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజూ, మర్నాడూ నాతో మాట్లాడలేదు. ‘అక్కర్లేదని రాసేస్తానమ్మా’ అని నాన్న అంటే దానికీ పలకలేదు.

మూడో రోజు మా ఎదురింటి పెద్దాయన అరుగు మీదికి వచ్చి, నాన్నతో వేళాకోళంగా అన్నాడు. ‘‘ఆవిడ నవ్వకపోవడం ఏం గొప్పండీ? గోడ కూడా నవ్వదు. గోడని పట్టుకెళ్లి రేడియోలో కూర్చోబెడతారా?’’

లోపల నుంచి మామ్మ గొంతు వినిపించింది. ‘‘ఒరే అబ్బాయ్, ఆదివారం అమలాపురం బస్సు ఎన్నింటికిరా?’’

ఆదివారం పొద్దున్నే మామ్మ పెట్టె అడుగు నుంచి ముదురు ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. మేం నలుగురం బయల్దేరితే, ఎక్కడ చూసినా మా ఊరివాళ్లే. బస్సు టాపు మీద వెంకన్న కూడా ఉన్నాడు. అమలాపురంలో ఆ హాలు కిటికీలకి కూడా జనం వేలాడుతున్నారు. వేదిక మీద పొడుగాటి బల్ల, ఐదు కుర్చీలు, ఐదు మైకులు. ఇన్నేళ్లూ గొంతులుగా మాత్రమే తెలిసిన నలుగురూ నడిచి వస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. భారీ మనిషి అనుకున్న ప్లీడరు గారు చిన్న పిట్టలా ఉన్నారు. మామ్మ వాళ్లకి నమస్కారం పెట్టి, చివరి కుర్చీలో, గుడిలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. నేను ముందు వరసలో సరిగ్గా ఆవిడ కాళ్లకి ఎదురుగా కూర్చున్నాను.

మొదటి ప్రశ్నకే అక్కయ్య గారు అవుట్. రెండో ప్రశ్నకి లెక్కల మాస్టారు. మామ్మ తన వంతు వచ్చినప్పుడల్లా ‘తెలీదండి’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. వెనక వరసల్లో గొణుగుడు మొదలైంది. నా పక్కనున్న ఎదురింటి పెద్దాయన ‘చెప్పేను కదండీ, గోడ’ అన్నాడు. బల్ల కింద మామ్మ కాలివేళ్లు ఐదూ బిగుసుకుని ఉన్నాయి. ఆవిడ ఎంత కష్టపడుతోందో నాకొక్కదానికే కనపడుతోంది.

అప్పుడు అధ్యక్షుల వారు మూడో కార్డు తీశారు. ‘‘గోదావరి వెళ్లి సముద్రంలో కలుస్తుంది కదా. కలిసినప్పుడు ముందు ఎవరు పలకరిస్తారు?’’

ప్లీడరు గారు ‘ముందుగా నోటీసు ఇవ్వనిదే సముద్రం పలకదండి’ అన్నారు. డాక్టరు గారు ఇంకేదో అన్నారు. మామ్మ వంతు వచ్చింది. ఆవిడ మైకు కేసి కాస్త వంగింది.

‘‘గోదారే పలకరించాలండి. అత్తారింటికి వచ్చేది ఆవిడే కదా.’’

‘‘మరి సముద్రం ఏమంటుంది మామ్మగారూ?’’

‘‘మాది గోదారి సముద్రంలో కలిసే ఓడలరేవండి, నేను చిన్నప్పట్నించీ వింటన్నాను. ‘ఇన్ని నీళ్లు మోసుకొచ్చేవు, చిటికెడు ఉప్పు తేలేకపోయేవా?’ అంటాదండి.’’ ఒక్క క్షణం ఆగి, అదే మొహంతో, ‘‘ఉప్పంతా ఆ అత్తగారి దగ్గరే ఉంటాదండి. అయినా అడుగుతాది’’ అంది.

ముందు ఆడవాళ్ల వరసలు పేలిపోయాయి. డాక్టరు గారికి గంట. ప్లీడరు గారు రుమాలు నోట్లో కుక్కుకుని, కళ్లు మూసుకుని, చివరికి బల్ల మీద తల వాల్చేశారు. ఆయనకీ గంట. ఇన్నేళ్ల కార్యక్రమంలో నలుగురినీ ఓడించిన శ్రోత లేరని అధ్యక్షుల వారు చప్పట్ల మధ్య అరిచి చెప్పారు. ఎదురింటి పెద్దాయన ఈలలు వేస్తున్నాడు.

చప్పట్లు ఆగాక అధ్యక్షుల వారు అడిగారు. ‘‘మామ్మగారూ, ఇంతమంది నవ్వుతుంటే మీరు ఎలా ఆపుకున్నారండీ?’’

‘‘పదహారో ఏట కాపరానికి వచ్చేనండి. వచ్చిన వారానికి వంటింట్లో ఎందుకో గట్టిగా నవ్వేను. సముద్రం పక్కన పెరిగినదాన్ని కదండీ, మా నవ్వులు అలాగే ఉంటాయి. మా అత్తగారు గరిట కింద పెట్టి నాకేసి చూసేరు. అంతేనండి. ఆవిడ ఉన్నన్నాళ్లూ, ఇరవై రెండేళ్లు, ఎదురుగా కూర్చుని ప్రాక్టీసు చేసేను. ఆవిడ ముందు మీరు నలుగురూ ఎంతండీ?’’

అధ్యక్షుల వారు పగలబడి నవ్వి, నవ్వుతూనే తన గంట తనే కొట్టేసుకున్నారు. హాలు మొత్తం లేచి నిలబడింది. అమ్మ మాత్రం లేవలేదు. కొంగుతో కళ్లు అద్దుకుంటూ కూర్చుంది. పదకొండేళ్లుగా ఒకే వంటింట్లో ఉంటూ ఆ సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసింది.

తిరుగు బస్సులో మామ్మ కిటికీ పక్కన, నేను ఆవిడ పక్కన. బస్సు ఊరు దాటింది, కాలవ గట్టెక్కింది. మామ్మ కాలివేళ్లు ముడుచుకోవడం చూశాను. తరవాత మోకాళ్లు కదిలాయి, భుజాలు కదిలాయి. ‘‘ఆ ప్లీడరు గారు... రుమాలు...’’ అంది. అంతే, తన్నుకొచ్చేసింది. పెద్దగా, బండగా, కెరటం వెనక కెరటంలా, ఊపిరి అందక మధ్యలో చిన్నగా కీచుమంటూ. బస్సులో అందరూ తిరిగి చూశారు. మామ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయి, సగంలో ఆగి, ఆ చెయ్యి ఒళ్లో పెట్టేసుకుంది. పెట్టుకుని ఇంకా గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను, అమ్మ నవ్వింది, తల్లి నవ్వు మొదటిసారి విన్న నాన్న నవ్వుతూ ఏడ్చాడు. కండక్టరు టిక్కెట్లు మానేసి ఇంజను డబ్బా మీద కూలబడ్డాడు. మా ఊరు వచ్చినా ఎవరికీ దిగాలని లేదు.

తరవాతి ఆదివారం మామ్మ కిటికీ పక్కన కూర్చోలేదు. అరుగు మీద, రేడియోకి ఎదురుగా, నాన్న కుర్చీలో కూర్చుంది. ఇంకో తొమ్మిదేళ్లు ప్రతి ఆదివారం అలాగే కూర్చుని, ఎదురింటి పెద్దాయన తన ఇంట్లోంచి ‘మంగాయమ్మ గారండీ, మాకు రేడియో వినపడట్లేదండీ’ అని కేకేసేదాకా నవ్వింది.

‘నవ్వితే గంట’ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఎందుకు ఆపేశారో ఎవరూ చెప్పలేదు, ఒక ఆదివారం రాలేదు, అంతే. మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్లకి పాటలు, ఎవరి చేతిలో వాళ్లకి నవ్వులు. ఆ మధ్య నేను రేడియో స్టేషన్‌కి వెళ్లి అమలాపురం రికార్డింగు ఉందేమోనని అడిగాను. అక్కడి అమ్మాయి పాపం పూటంతా వెతికింది. పాత టేపుల మీద కొత్త కార్యక్రమాలు రికార్డు చేసేసేవారట, ఏమీ మిగల్లేదంది. బయటికి వచ్చి బస్టాండులో కూర్చున్నాక నాకో సంగతి తట్టింది. ఆ టేపు దొరికినా అందులో మామ్మ నవ్వు ఉండదు. అందులో మామ్మ నవ్వకుండా గెలిచింది. నవ్వింది బస్సులో. దాన్ని విన్నవాళ్లలో ఇప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు, వెంకన్న లేడు. మా మామ్మ నవ్వు ఎలా ఉండేదో చెప్పడానికి నేను మిగిలాను. ఇదిగో, చెప్పేశాను.